కన్ను కొట్టే కారు

నవంబరు 16, ఆదివారం. చాండ్లర్, అమెరికా. సాయంత్రం నాలుగున్నర. ఉన్నవారు: నేను, మా అమ్మాయి మాధవి, మనవరాలు అనిక, పక్కింటి శ్రీకాంత్, అతని భార్య లావణ్య. వీళ్ళు కాక, ట్రైలర్ మీంచి అప్పుడే దింపిన ఎర్ర కారు ఒకటి.

నా డైరీలో ఏ పేజీ అయినా ఇలాగే మొదలవుతుంది. రోజు, ఊరు, ఎవరెవరు ఉన్నారు. ఏం జరిగిందన్నది ఆ తర్వాతే. మనుషుల వరుసలో కారును చేర్చడం మాత్రం నా అలవాటు కాదు. ఆ సాయంత్రం చేర్చకుండా ఉండలేకపోయాను. ఆ కారు ముక్కు, దాని నడుము దగ్గరి వంపు, లోపల ఉన్న రెండే రెండు సీట్లు చూసేసరికి గేటు పట్టుకుని నిలబడిపోయాను. ఇది ఎరుపు, మా నాన్నది నీలం. అంతే తేడా.

శ్రీకాంత్ చిప్పుల కంపెనీలో ఇంజనీరు. నేను ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైంది కూడా అలాంటి చోటే, తయారైన సరుకును పరీక్షించే విభాగంలో. "ఆంటీ, ఇలా రండి. మీకో మ్యాజిక్ చూపిస్తా" అని అతను ఇంజన్ స్టార్ట్ చేసి ఒక బొత్తాం లాగాడు. బానెట్‌లో దాక్కున్న హెడ్‌లైట్లు పైకి లేవాలి. ఎడమది నిట్టూర్చినట్టు శబ్దం చేస్తూ లేచింది. కుడిది కదల్లేదు.

"ఓ మై గాడ్, అమ్మమ్మా! అది వింక్ చేస్తుంది!" అంది అనిక.

"మోటర్ పోయినట్టుంది. ఆర్డర్ చేయాలి" అన్నాడు శ్రీకాంత్, ముఖం చిన్నబుచ్చుకుని.

"అయిపోయింది. కార్ వచ్చి పది నిమిషాలు కాలేదు, అప్పుడే ఆర్డర్లు మొదలు" అంది లావణ్య.

"దానికి మోటారు ఉండదు బాబూ. ఇంజన్ గాలి పీల్చుకుంటుందే, ఆ బలంతో లేస్తుంది. ఎక్కడో గొట్టం చిట్లింది. ఇంజన్ ఆపకు. మాధవీ, నీ స్టెతస్కోప్ పట్రా" అన్నాను. మాధవి పిల్లల డాక్టరు. నావైపు అదోలా చూసింది గాని, తెచ్చింది. దాని చివర బిళ్ళ తీసేసి, గొట్టం కొసను బానెట్ కింద రబ్బరు పైపుల వెంబడి మెల్లగా నడిపించాను. నాలుగో పైపు మలుపు దగ్గర పాము బుస వినిపించింది. అక్కడ వేలితో నొక్కి పట్టాను. కుడి దీపం లేచింది.

శ్రీకాంత్ నా వేలినీ దీపాన్నీ మార్చి మార్చి చూసి, "ఆంటీ, మీకిదంతా ఎలా తెలుసు?" అన్నాడు. జవాబు చెప్పడానికి నా పాత పెట్టెలో అడుగున ఉన్న మొదటి డైరీ తీయాల్సి వచ్చింది.

మా నాన్న మత్తు డాక్టరు. ఇంగ్లండులో, యార్క్‌షైర్ కొండల మధ్య, ఉన్ని మిల్లులున్న ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో పనిచేసేవారు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మా నేనూ కాకినాడ నుంచి అక్కడికి వెళ్ళాం. నాకు పదిహేనో ఏడు నడుస్తుండగా నాన్న ఏదో శిక్షణ కోసం ఒహాయో వెళ్ళి ఏడాది ఉండి వచ్చారు. ఆయనతోబాటు ఓడలో ఆ కారు వచ్చింది. లివర్‌పూల్ రేవుకి అమ్మా నేనూ రైల్లో వెళ్ళాం. నీలం రంగు కారును క్రేను కిందికి దింపుతుంటే నేను అమ్మ చెయ్యి వదిలేసి ముందుకెళ్ళిపోయాను. అంతవరకు నేను చూసిన కార్లన్నీ అగ్గిపెట్టెల్లాంటివి. ఇది నీళ్ళలోంచి పైకొచ్చిన చేపలా ఉంది. అమ్మ కోటు బొత్తాలు పెట్టుకుంటూ దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"ఏమండీ, మిగతా సీట్లేవి?" అంది.

ఆ రోజు నేనూ అమ్మా వెళ్ళినట్టే రైల్లో తిరిగొచ్చాం.

మా ఇంట్లో ఆదివారాలు ఆ తర్వాత వేరేగా అయిపోయాయి. గ్యారేజీలో కిరసనాయిలు హీటరు, దాని పక్కన స్టూలు మీద నాన్న కాఫీ గ్లాసు. పెట్రోలు, తడిసిన రబ్బరు, ఆసుపత్రి నుంచి ఆయన బట్టలకు అంటుకొచ్చే మందుల వాసన, వంటింట్లోంచి వచ్చే ఇంగువ తిరగమోత ఘాటు, అన్నీ కలిసి ఒకే వాసన. వేణ్ణీళ్ళ బాయిలరున్న అల్మరాలో ఇడ్లీ పిండి పొంగుతూ ఉండేది. నాన్న ఆపరేషను ముందు చేతులు కడుక్కున్నంత శ్రద్ధగా చేతులు కడుక్కుని మరీ బానెట్ ఎత్తేవారు. ఆ దీపాలు ఆయన్ని పెట్టిన తిప్పలు ఇన్నీ అన్నీ కావు. ఒకటి లేస్తే ఒకటి లేవదు. వీధిలో పిల్లలు దానికి కన్ను కొట్టే కారని పేరు పెట్టారు. నాన్న స్టెతస్కోప్‌తో బుస ఎక్కడుందో విని, అక్కడి గొట్టం కోసి, దాని స్థానంలో ఆపరేషన్ థియేటర్లో వాడి పక్కన పడేసిన రబ్బరు గొట్టం ముక్క తొడిగేవారు. ఏ రోజు ఎక్కడ లీకైందో రాసిపెట్టమని నాకొక డైరీ ఇచ్చారు. తెలుగులోనే రాయాలన్నారు. నేను ఈ వయసులో ఈ భాషలో ఇంత రాయగలుగుతున్నానంటే ఆ లీకుల పుణ్యమే.

అమెరికా కారు కాబట్టి స్టీరింగు ఎడమవైపు. బ్రిటన్‌లో బళ్ళన్నీ నడిచేది ఎడమ పక్కనే. ముందు లారీ ఉంటే, రోడ్డు అంచున కూర్చున్న నాన్నకు ఎదురుగా ఏం వస్తోందో కనబడేది కాదు. కుడి సీట్లో ఉన్న నాకు కనబడేది. అందుకని లారీని దాటాలంటే నా మాట మీదే దాటాలి. "చూడు వసూ" అనేవారు నాన్న. నేను తల బయటికి సాచి "ఆగండి" అనో "పోనివ్వండి" అనో చెప్పాలి. ఆ రెండే మాటలు. "పోవచ్చేమో" అంటే ఆయనకు కోపం వచ్చేది. "ఏమో అన్నదానికి మనమిద్దరం చచ్చిపోతాం" అనేవారు. పదహారేళ్ళ పిల్ల చెప్పిన ఒక్క మాట మీద తన ప్రాణం, నా ప్రాణం పెట్టి ఆయన యాక్సిలరేటర్ తొక్కేవారు. అంతటి నమ్మకం తర్వాత నా మీద ఇంకెవరూ పెట్టలేదు.

అమ్మ మాత్రం ఆ కారు ఎక్కలేదు. నెలకోసారి లీడ్స్‌లో తెలుగువాళ్ళు ఏడెనిమిది కుటుంబాలు ఒకచోట చేరేవి. ఆ ఊళ్ళో తెలుగు ముక్క వినబడని అమ్మకు ఆ ఒక్కపూటే పండగ. ఒహాయో వెళ్ళేముందు నాన్న అమ్మేసిన పాత కారులో ముగ్గురం వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు ఇద్దరికే చోటు. "నువ్వు రా, వసు ఉంటుంది" అనేవారు నాన్న. "ఎదిగిన పిల్లని ఒంటరిగా వదిలి నేను కబుర్లకి పోనా? మీరు వెళ్ళి రండి" అనేది అమ్మ. మేం తిరిగొచ్చేసరికి కిటికీ దగ్గర ఊలు అల్లుకుంటూ ఉండేది. అక్కడ ఎవరెవరు వచ్చారు, ఎవరేం వండారు, ఎవరేం చీర కట్టారు అని అడిగేది. నేను డైరీ తెచ్చి చదివి వినిపించేదాన్ని. ఎవరెవరు ఉన్నారన్నది ముందు రాయడం అప్పుడే అలవాటైంది.

బ్రిటన్‌లో బండి రోడ్డు మీద తిరగడానికి తగినదేనని ఏటా పరీక్ష చేయించి కాగితం తెచ్చుకోవాలి. మొదటి ఏడాది రేవు దగ్గర ఒక గ్యారేజీవాళ్ళు పెద్దగా చూడకుండానే ఇచ్చేశారు. రెండో ఏడాది మా ఊళ్ళోనే మిస్టర్ ఎల్లిస్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఎల్లిస్ పొడుగాటి మనిషి, జేబులో ఎప్పుడూ పెన్సిలంత టార్చిలైటు. ఏదీ వదలడు. బాగుచేయడం మాత్రం తన పని కాదంటాడు. పరీక్షించేవాడు మరమ్మతు చేస్తే తన పనిని తనే పాస్ చేసుకున్నట్టవుతుందని ఆయన లెక్క. కారు చుట్టూ తిరిగి, "డాక్టరుగారూ, కారు అద్భుతంగా ఉంది. ఫెయిల్" అన్నాడు.

తప్పు కారుది కాదు, అది పుట్టిన దేశానిది. అక్కడ వెనక ఉన్న ఎర్ర దీపమే బ్రేకు వేస్తే వెలుగుతుంది, మలుపు తిరిగేటప్పుడూ అదే మిణుకుతుంది. ఇక్కడ మలుపుకి నారింజ రంగు దీపం విడిగా ఉండాలి. ముందున్న చిన్న దీపాలు అక్కడ నారింజ, ఇక్కడ తెలుపు. నాన్న ట్రాక్టరు సామాన్ల కొట్లో వెనక్కి రెండు నారింజ దీపాలు, ముందుకి రెండు తెల్లవి వెతికి తెచ్చారు. మత్తు ఇచ్చేటప్పుడు నాడి రాసుకునే చార్టు వెనక వైర్ల బొమ్మ గీసుకుని, మూడు ఆదివారాలు నేల మీద పడుకుని అమర్చారు. రెండోసారి తీసుకెళ్ళాం. ఎల్లిస్ హెడ్‌లైట్లు గోడమీదికి వేయించాడు. కుడి పక్క నడిచే దేశానికి తయారైన దీపాలు కాబట్టి, డిప్ చేసినా వెలుగు కుడికే వాలుతుంది. ఇక్కడ అది సూటిగా ఎదురొచ్చేవాడి కళ్ళలో పడుతుంది. మళ్ళీ ఫెయిల్.

ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మ గరిటె కింద పెట్టింది.

"ఒక్క మాటండీ. మూడోసారి కూడా తప్పితే దీన్ని అమ్మేసి నలుగురు కూర్చునే బండి కొనండి."

"సరే."

"సరే అని చారు పోసుకోవడం కాదు. మాటివ్వండి."

నాన్న చారు గిన్నె పక్కన పెట్టి అమ్మవైపు చూశారు. ఆ కిటికీ, ఆ ఊలు ఆయనకు అప్పుడే కనబడ్డాయేమో తెలియదు. "ఇచ్చాను" అన్నారు. ఆయన మాట ఇస్తే ఇచ్చినట్టే. నేను పళ్ళెం తీసుకుని లేచిపోయాను. ఆ కారు పోతే ఆ కుడి సీటు పోతుంది, "చూడు వసూ" అన్న పిలుపు పోతుంది. పోనీ అమ్మ అడిగిందాంట్లో అన్యాయం ఉందా అంటే అదీ లేదు. ఆ రోజు డైరీలో తేదీ, ముగ్గురి పేర్లు తప్ప ఇంకేమీ లేదు.

నాన్న ఎడమకి వాలే దీపాలు తెప్పించి బిగించారు. గొట్టాలన్నీ మార్చారు. నేను పరీక్షలో చూసేవన్నీ వరుసగా రాసి ఒక్కొక్కటీ సరిచూశాను. పరీక్ష రోజు ఉదయం బండి తీయబోతుంటే అమ్మ పళ్ళెంతో బయటికొచ్చింది. పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, అక్షింతలు.

"నీకిది పోవాలని కదా?" అన్నారు నాన్న.

"పోవాలనే. అలాగని మన గుమ్మం దిగి పరీక్షకి వెళ్ళేదాన్ని ఉత్త చేతులతో పంపుతానా? ఆ కళ్ళు తెరిపించండి, బొట్టు పెడతాను" అంది.

నాన్న దీపాలు పైకి లేపారు. అమ్మ రెండింటికీ బొట్లు పెట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, మా చేతుల్లో అక్షింతలు పోసింది. ఆవిడ చిటికెడు వేసింది, నాన్న చిటికెడు వేశారు. నేను సంతోషం పట్టలేక రెండు గుప్పిళ్ళూ దీపాల మీదే కురిపించాను. నాన్న బొట్లు తుడిచి, దీపాలు దించి, బండి ముందుకి పోనిచ్చారు. నిమ్మకాయలు చితికాయి. ఎదురింటావిడ కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది.

ఎల్లిస్ బ్రేకులు చూశాడు, టైర్లు చూశాడు, వెనక నారింజ దీపాల దగ్గర వంగి "ట్రాక్టరువా?" అని నవ్వాడు. నా కాగితంలో అన్నీ టిక్కులే. ఇక దీపాలు లేపమన్నాడు. ఎడమది లేచింది. కుడిది సగం లేచి, కరకరమని, ఆగిపోయింది. నాన్న మళ్ళీ లాగారు. మళ్ళీ సగమే. ఎల్లిస్ ఆ సందులో టార్చి వేసి చాలాసేపు చూశాడు. జేబులోంచి సన్నని పట్టకారు తీసి, కీలు దగ్గర్నుంచి ఒక పచ్చని గింజను పైకి లాగి, నాన్న అరచేతిలో పెట్టాడు.

"బియ్యమా ఇది?"

"అవును."

"ఇందులో ఎవరైనా పెళ్ళికూతురు ఊరేగిందా?" వాళ్ళు పెళ్ళిళ్ళలో బియ్యం చల్లుతారు, అందుకని.

"లేదు. మా ఆవిడ దీన్ని దీవించింది."

"కాస్త గట్టిగానే దీవించినట్టున్నారు" అన్నాడు ఎల్లిస్. నవ్వలేదు. "లోపల ఇంకా చాలా ఉన్నాయి. నేను తీయకూడదు డాక్టరుగారూ. తీస్తే నా సంతకానికి విలువ లేదు. మీరు తీసుకుని రేపు మధ్యాహ్నం తెస్తే ఈ ఒక్కటే చూస్తాను. ఇవాళ మాత్రం ఫెయిల్."

నాన్న బతిమాలలేదు. థాంక్స్ చెప్పి, గింజను చొక్కా జేబులో వేసుకున్నారు. ఇంటికొచ్చేదారిలో ఒకే ఒక్కమాట అన్నారు. "అమ్మకి బియ్యం సంగతి చెప్పకు."

అమ్మ పరమాన్నం చేసి ఉంచింది. "దీపం లేవలేదు" అన్నారు నాన్న. "ఏం అడ్డం పడింది?" అంటే "ఏదో" అన్నారు. భోంచేసి లేచి, పాత కార్లు కొని అమ్మే డెనిస్‌కి ఫోన్ చేసి ఉదయం తొమ్మిదింటికి రమ్మన్నారు. ఆ గింజ సంగతి చెప్పి ఉంటే అమ్మ దగ్గర గడువు దొరికేది. ఆయన చెప్పలేదు. సాయంత్రం అమ్మ బట్టలు నానబెడుతూ జేబులు తడిమింది. చేతిలో ఏదో చూసుకుంటూ కాసేపు అలా నిలబడడం నేను చూశాను. ఏమిటని అడిగే ధైర్యం లేకపోయింది.

ఇప్పుడు శ్రీకాంత్‌కి ఇవేవీ లేవు. రిజిస్ట్రేషన్ ఫోన్‌లోనే అయిపోయిందట. "కలెక్టర్ ఇన్సూరెన్స్ తీసుకుంటే పొగ టెస్ట్ కూడా అక్కర్లేదు ఆంటీ" అన్నాడు. బ్రిటన్‌లో సైతం నలభై ఏళ్ళు దాటిన బండిని పరీక్షకు తెమ్మని ఇప్పుడు ఎవరూ అడగరట. మంచిదే. కానీ నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, ఒక సరుకుని పక్కన పెట్టాల్సి వచ్చినప్పుడల్లా, పై అధికారి పోనిద్దామంటున్నా కాదనాల్సి వచ్చినప్పుడల్లా, ఎల్లిస్ పట్టకారు కళ్ళముందు కదిలేది. కారును మెచ్చుకుంటూనే మూడుసార్లు ఫెయిల్ చేసిన మనిషి. తనకు దక్కే గెలుపును నోరు మెదపకుండా వదులుకున్న మా నాన్న. అలాంటివాళ్ళ మధ్య పెరిగానన్న సంగతి నాకు అప్పట్లో తెలియలేదు.

పరీక్ష తప్పిన మర్నాడు ఉదయం నేను లేచేసరికి వంటింట్లో అమ్మ లేదు. గ్యారేజీ తలుపు తీసి ఉంది. చీర మీద కోటు వేసుకుని, గోనెపట్టా పరుచుకుని, కారు ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఒక చేతిలో టార్చిలైటు, ఇంకో చేతిలో తలపిన్ను. పక్కన పళ్ళెంలో పచ్చని గింజలు.

"అమ్మా, చల్లటి నేల మీద ఏమిటిది?"

"నిన్ను ఎవరే రెండు గుప్పిళ్ళు వెయ్యమంది?" అంది తల ఎత్తకుండా. కాసేపాగి, "ఇక లేనట్టున్నాయి, అన్నీ వచ్చేశాయి. దీన్ని స్టార్ట్ చెయ్యడం ఎలాగో చెప్పు" అంది.

"నాన్నని పిలుస్తానుండు."

"నేను నిన్ను అడిగాను."

చెప్పాను. ఎల్లిస్ మధ్యాహ్నం మళ్ళీ తెమ్మన్న సంగతీ చెప్పాను. అమ్మ గోనెపట్టా మీంచి లేచి, కుచ్చెళ్ళు సర్దుకుని, తలుపు తీసి, ఎడమ సీట్లో కూర్చుంది. గేరు కదిపి చూసి, తాళం తిప్పింది. గ్యారేజీ మొత్తం దద్దరిల్లింది. అమ్మ రెండు చేతులూ స్టీరింగుని గట్టిగా పట్టుకున్నాయి. కళ్ళు పెద్దవయ్యాయి. నేను చెప్పిన బొత్తాం లాగింది. రెండు దీపాలూ ఒకేసారి లేచి నిలబడ్డాయి.

నాన్న ఒక చెంప మీద సబ్బు నురగతో పరుగెత్తుకొచ్చారు. అమ్మను ఆ సీట్లో చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. అప్పుడే డెనిస్ వ్యాను వాకిట్లోకి తిరిగింది. అతను దిగి కారు దగ్గరకొచ్చి, టోపీ తీసి, కిటికీ దగ్గర వంగాడు. అమ్మ అద్దం దించి, తనకొచ్చిన ఇంగ్లీషులో, "నో సేల్" అంది.

డెనిస్ నాన్నవైపు చూసి ఏదో అడిగాడు.

"ఏమంటున్నాడు?" అంది అమ్మ.

"మరి వచ్చే వారం అమ్ముతారా అని."

"నా చేతి బియ్యంతో ఓడిపోయినదాన్ని అమ్ముకుని నేను లీడ్స్ వెళ్ళలేనని చెప్పండి. షరతు పెట్టింది నేను, తీసేసింది నేను. మిగతా సీట్ల సంగతి తర్వాత తేలుద్దాం. మధ్యాహ్నం ఆ పొడుగాయన దగ్గరికి నేనూ వస్తాను." ఇంజన్ మాత్రం ఆపలేదు. సీట్లోంచి లేవనూ లేదు. "పొద్దున్నే వచ్చాడు పాపం. టీ తాగి వెళ్ళమనండి."

నాన్న ఇదంతా డెనిస్‌కి ఇంగ్లీషులో ఎలా చెప్పారో నాకు గుర్తులేదు. చెప్పాక, చెంప మీద నురగ తుడుచుకోకుండానే వంటింట్లోకి వెళ్ళి, టీకి నీళ్ళు పెట్టారు.